నాలుగు వేళ్ళు తక్కువ గోదారి

ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలట. లోపల ఎండాకాలంలో కూడా చలి వేస్తుందట. దుమ్ము పడకూడదట, గట్టిగా మాట్లాడకూడదట. కాకినాడ నుంచి వచ్చిన కాలేజీ మేష్టారు మా అరుగు మీద కూర్చుని కంప్యూటరు ఉండే గది గురించి చెబుతుంటే, దీపానికి వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు చెయ్యి ఆపి అడిగారు.

"లోపల ఏ దేవుడు బాబూ?"

ఆయన నవ్వారు. "గోదారేనండీ మామ్మగారూ. అంకెల్లో ఉంటుంది."

మా అత్తగారు నవ్వలేదు. చేతిలో ఉన్న దూదితోనే దణ్ణం పెట్టి కళ్ళకద్దుకున్నారు.

ఎనభైల మధ్యలో మాట ఇది. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడి విన్నాను. ఎక్కడో తలుపులు మూసిన చల్లటి గదిలో, చప్పుడు లేకుండా, అంకెలుగా పారుతున్న గోదారి. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ నది నా కలలోకి వచ్చింది. దానికి రంగుండేది కాదు. ఒడ్డున చెప్పుల్లేకుండా నేను ఒక్కదాన్నే నిలబడి ఉండేదాన్ని.

మా ఇల్లు యానాంలో రేవుకి వెళ్ళే సందులో ఆఖరిది. ముందు గదిలో మా ఆయన వలల దారం, తాళ్ళు, వల తేలడానికి కట్టే బెండ్లు అమ్మేవారు. వెనక తలుపు తీస్తే ఏటిగట్టు, గట్టు దిగితే రాతిమెట్లు, మెట్ల కింద గౌతమి పాయ, మా గోదారి. సముద్రం దగ్గరే కాబట్టి మా నది రోజుకి రెండుసార్లు లేస్తుంది, రెండుసార్లు దిగుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అది చూసి, ఈ ఊళ్ళో నది ఊపిరి తీసుకుంటుంది కాబోలు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

మేష్టారు వచ్చిన పని ఇది. ఎగువన ధవళేశ్వరంలో నీళ్ళు ఎంతున్నాయో లెక్క ఉంది. అక్కడి నుంచి సముద్రం దాకా దారిలో ఆ నీళ్ళు ఎక్కడ ఎంత లేస్తున్నాయో రాసినవాళ్ళు లేరు. మా ఊరికి ఆఫీసు పాండిచ్చేరిలో, నదికి ఆఫీసు ధవళేశ్వరంలో. మధ్యలో ఉన్న నీళ్ళని అడిగేవాళ్ళెవరు? అందుకని ఒడ్డున ఉన్నవాళ్ళే రాసిస్తే, ఆ అంకెలన్నీ కలిపి కంప్యూటరులో ఒక లెక్కల గోదారిని తయారుచేస్తామన్నారు. పైన ఇంత వరద వస్తే, సముద్రం ఇంత పోటు మీదుంటే, మన రేవులో ఎంత లేస్తుందో అది ఒక రోజు ముందే చెబుతుందట.

"మా ఇంటావిడ రాస్తుందండి," అన్నారు మా ఆయన, నన్ను అడక్కుండానే. "దస్తూరీ బాగుంటుంది."

"నేను బడికెళ్ళలేదండి," అన్నాను భయపడి.

"నదీ వెళ్ళలేదమ్మా," అన్నారు మేష్టారు.

బడికి పంపకపోయినా నాన్నగారు నాకు ఇంట్లోనే పలక మీద అక్షరాలూ ఎక్కాలూ నేర్పారు. తప్పు రాస్తే తిట్టేవారు కాదు. తడిగుడ్డతో తుడిచి, "మళ్ళీ రాయి తల్లీ, పలక ఏమీ అనుకోదు," అనేవారు. ఆ మాట ఇచ్చినందుకు ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

మెట్ల పక్కన రాతికి నలుపూ తెలుపూ గీతలు వేసిన పొడవాటి చెక్క బిగించారు. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నీళ్ళు ఏ గీత మీదున్నాయో చూసి పుస్తకంలో రాయాలి. నాకప్పటికే రామకోటి రాసే అలవాటుంది. ఆ పుస్తకం పక్కనే ఈ పుస్తకం చేరింది. మొదటి పేజీ మీద అలవాటు కొద్దీ 'శ్రీరామ' అని రాసి, తర్వాత తప్పేమో అనిపించి అడిగితే మేష్టారు, "ఉండనివ్వండి, లెక్కకి అడ్డం రాదు," అన్నారు.

ఆ ఉదయాలు ఎలా చెప్పాలో నాకు తెలీదు. మాఘమాసంలో మంచు పడితే అవతలి ఒడ్డు ఉండేది కాదు, నది ఉండేది కాదు, నా కాలి కింద మెట్టు మాత్రం ఉండేది. ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగి, వంగి, చెక్క మీద నీటి అంచు ఎక్కడుందో వెతికేదాన్ని. మంచులోంచి పడవ తెడ్డు చప్పుడు వినిపించేది, పడవ కనిపించేది కాదు. గీత దొరికేది. ఆ అంకెని మనసులో అనుకుంటూ పైకి వచ్చేదాన్ని, నీళ్ళతో నిండిన చెంబు తొణక్కుండా తెచ్చినట్టు. రాసేశాక ఆ అంకె నా దగ్గర్నుంచి లేచి, బస్సెక్కి, ఆ చల్లటి గది ముందు చెప్పులు విప్పి లోపలికి వెళుతున్నట్టు అనిపించేది.

వానాకాలం వచ్చింది. ఒకరోజు తెల్లారేసరికి నది రంగు మారింది. మేం ఎర్రనీళ్ళు అంటాం. ఎక్కడెక్కడి కొండల మట్టో కరిగి వస్తుంది. మా అత్తగారు పసుపూ కుంకుమా, రవికల గుడ్డా పళ్ళెంలో పెట్టుకుని నాతో మెట్ల దాకా వచ్చారు. నది అప్పటికే ఏడెనిమిది మెట్లు ఎక్కి కూర్చుంది. నేను వంగి గీత చూసి అంకె పైకి చదివాను.

ఆవిడ నా నోటి మీద చెయ్యి వేశారు. "పూర్తిగా చెబుతావేంటే? పొంగుతున్న తల్లి! దిష్టి తగలదూ?"

"మరెలాగండీ అత్తయ్యగారూ?"

"మీ ఆయన చిన్నప్పుడు గోడకి నిలబెట్టి పొడుగు కొలిచేదాన్ని. నెత్తి మీద ఎప్పుడైనా గీత గీశానా? నాలుగు వేళ్ళు కిందే గీసేదాన్ని. అలాగే రాయి. తల్లికి తెలీదూ, మనం మర్యాదకి తగ్గించామని?"

నాకు అది చాలా అందమైన మాటగా తోచింది. మామూలు రోజుల్లో ఉన్నది ఉన్నట్టు రాశాను. నది పొంగిన రోజుల్లో నాలుగు వేళ్ళు తగ్గించి రాశాను. నాలుగు వేళ్ళు స్కేలు మీద పెట్టి చూసుకుంటే ఏడు సెంటీమీటర్లయింది. పళ్ళెంలో మిగిలిన కుంకుమ వేలికద్దుకుని ఆ రోజు పేజీ మూల ఒక బొట్టు పెట్టేదాన్ని. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

వరదలు తీశాక మేష్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి చుట్టుపక్కల వాళ్ళని కూడా అడగాలన్నారు. మా అరుగు మీదికి ఫరంపేట నుంచి కొందరు, అడవిపొలం నుంచి కొందరు వచ్చారు. రేవు పక్కనే, గట్టుకి అవతల ఏటి వైపు మిట్ట మీద ఉన్న వేటవాళ్ళ ఇళ్ళ నుంచి ఒకామె వచ్చింది. భర్త పోయాక కూతురితో కలిసి వలలు బాగుచేసుకుంటూ బతికేది. మా కొట్లోనే దారం కొనేది. మాట మహా గట్టిది.

"ఈ ఏడు నీళ్ళు ఎందాకా వచ్చాయో ఒక్కొక్కరే చెప్పండి," అన్నారు మేష్టారు.

"మా గేది కొమ్ముల దాకా వచ్చేసినాయండి," అన్నాడొక పెద్దాయన.

"నీ గేది పడుకునుందా నుంచునుందా మావా?" అని ఆమె అడిగితే అరుగంతా నవ్వింది. తర్వాత మేష్టారి వైపు తిరిగింది. "నా మాట రాసుకోండి బాబూ. నా ఇంటి ముందు పడవ కట్టే గుంజ ఉంది. ఏటేటా వరద ఎందాకా వత్తే అందాకా కత్తితో గాటెడతాను. మా ఆయన పెట్టేవోడు, ఇప్పుడు నేను పెడతన్నాను. వచ్చి కొలుసుకోండి. ఒక్క ఎంట్రుక కూడా ఎచ్చులుండదు, ఆయ్."

మేష్టారు టేపు పట్టుకెళ్ళి కొలిచారు. రాసుకున్నారు.

చలికాలం గడిచింది. వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఆయన చంకలో చాపచుట్టంత కాగితంతో వచ్చారు. అరుగు మీద విప్పితే ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంది. రెండు అంచులా వరసగా చిల్లులు, మధ్యలో మసక మసకగా అంకెలు. "ఇదేనమ్మా మన గోదారి," అన్నారు. నేను దాన్ని తొక్కకుండా పక్కనించి నడిచాను.

ఇంకో కాగితం మీద రేవు చుట్టూ ఉన్న ఇళ్ళు గీసి, ఎర్ర పెన్సిలుతో ఒక గీత తిప్పారు. పెద్ద వరద వస్తుందని తెలిస్తే ఆ గీతకి లోపలి వాళ్ళు ఇల్లు వదిలి బడికి పోవాలి. బయట ఉన్నవాళ్ళు కదలక్కర్లేదు. ఆయన అప్పటికే గట్టు అవతలికి వెళ్ళి చెప్పి వచ్చారు. వెనకాలే వలలామె వచ్చింది, ముఖం వెలిగిపోతూ.

"ఇన్నారా పెద్దమ్మగారూ! గీత నా ఇంటిని తప్పించుకుని పోయిందంట. నీళ్ళు గడప అంచు దాకా వచ్చి ఆగిపోతాయంట. కంప్యూటరు సెప్పేసిందండి, నన్ను కదలొద్దని!"

"నీకెందుకే అంత సంబరం?" అన్నారు మా అత్తగారు.

"మా పిల్లకి శ్రావణంలో పురుడండి. కిందటేడు బడిలోకి తోలేత్తే మనిషి మీద మనిషి, కాలు జాపుకునే సోటు లేదు. ఆ గోలలో పురుడెలాగా అని ఒకటే బెంగనుకోండి. ఇంక నా ఇంట్లోనే, నా మంచం మీదే పోసేత్తాను."

ఆమె వెళ్ళిపోయింది. మేష్టారు మజ్జిగ తాగుతూ, మాటవరసకి అన్నట్టు అన్నారు. "ఒక్క చిక్కు వచ్చిందమ్మా. కిందటి వరదకి ఆవిడ గుంజ మీద పెట్టిన గాటు మీ పుస్తకం కంటే ఎక్కువ చూపిస్తోంది. ఇంకో ఇద్దరు చెప్పిన గుర్తులూ అంతే. గుంజ కదిలిందో, అందరూ కాస్త పెంచి చెప్పారో. మీ పుస్తకం ఒక్క పూట కూడా తప్పకుండా, పద్ధతిగా ఉంది కదా. అందుకని వాళ్ళవి పక్కన పెట్టి మీదే తీసుకున్నాం."

నేను మజ్జిగ చెంబు కింద పెట్టేశాను.

అరుగు మీద గాలికి ఆ పొడవాటి కాగితం మెల్లగా లేస్తోంది, పడుతోంది. అంకెల నది ఊపిరి తీసుకుంటోంది. దాని అడుగున ఎక్కడో నా నాలుగు వేళ్ళు కనిపించాయి నాకు. వాళ్ళ ఇంటి గోడలు మట్టివి. గడప దాటి నాలుగు వేళ్ళ నీళ్ళు లోపలికి వస్తే చాలు, మట్టిగోడ అడుగు నుంచి నాని కూర్చుంటుంది. ఆ గోడ పక్కనే మంచం. ఆ మంచం మీద బాలింత.

"మేష్టారండీ," అన్నాను. "నా పుస్తకం పద్ధతిగా ఉందండి. నిజంగా లేదు."

చెప్పేశాను. పసుపు పళ్ళెం, దిష్టి, నాలుగు వేళ్ళు, అన్నీ. తలెత్తలేదు. కాగితం మీద చిల్లులు ఒక్కొక్కటే చూస్తూ చెప్పాను.

"చెప్పింది నేను బాబూ," అన్నారు మా అత్తగారు పక్క నుంచి. "అనేదేదో నన్నను."

మేష్టారు సంచి దగ్గరికి లాక్కున్నారు. "ఏయే రోజులు తగ్గించారో గుర్తుందా అమ్మా?" అని మాత్రం అడిగారు.

"కుంకం బొట్టున్న రోజులండి."

ఆయన సంచిలోంచి నా పుస్తకం తీశారు. పేజీలు తిప్పారు. మూల మూలనా నా బొట్లు, కొంచెం వెలిసిపోయి. "మేమివి మరకలనుకున్నాం," అన్నారు. అన్నిటికంటే పెద్ద వరద వచ్చిన బొట్టు రోజు దగ్గర ఆగి, నా అంకె పక్కన గుంజ మీది గాటు కొలత రాసి, తీసివేత చేసి పుస్తకం నా వైపు తిప్పారు.

ఏడు.

ఇంకో బొట్టు రోజు. ఆ ఇంకో ఇద్దరు చెప్పిన గుర్తుతో తీసివేత. మళ్ళీ ఏడు, కొంచెం అటూ ఇటూగా.

"ఆవిడ గుంజ కదల్లేదమ్మా," అన్నారాయన, చాలా నెమ్మదిగా, గుళ్ళో మాట్లాడినట్టు.

మా అత్తగారు పుస్తకం మీదికి వంగి ఆ బొట్లు చూశారు. తర్వాత అన్నారు. "పిల్లల పొడుగు తగ్గించి చెప్పేది లోకం కళ్ళ కోసం. చెప్పులు విప్పి వెళ్ళే చోట కూడా తగ్గించి చెప్పానని నాకు తట్టలేదు నాయనా."

మేష్టారు లెక్క మళ్ళీ వేయించారు. ఆషాఢంలో కవరు వచ్చింది. అందులో కొత్త గీత ఉన్న కాగితం, ఇంకో అట్ట మీద చిన్న పట్టీ. రేడియోలో ధవళేశ్వరం మట్టం ఎంత చెబితే మన రేవులో మర్నాటికి ఎంతవుతుందో అందులో చూసుకోవచ్చు. కొత్త గీత వలలామె ఇంటిని లోపలికి తీసుకుంది. ఆ సంగతి చెప్పాల్సింది నేనే. ఇంకెవరు చెప్పినా న్యాయం కాదు.

నేను వెళ్ళేసరికి ఆమె గుంజకి ఆనుకుని వల కుడుతోంది. లోపల కూతురు నడుముకి చెయ్యి పెట్టుకుని తిరుగుతోంది.

"మొన్న కదలొద్దన్నారు, ఇప్పుడు కదలమంటన్నారు," అంది. "మీ కంప్యూటరుకి మా ఆడపడుచుకి మల్లే పూటకో మాట."

"తప్పు కంప్యూటరుది కాదు. నాది."

అంతా విన్నాక ఆమె సూది వలలో గుచ్చి వదిలేసింది. "అంటే నేను గాటెట్టింది ఎచ్చులనుకున్నారన్న మాట. మా ఆయన గాట్లు కూడా. మీ పుత్తకంలో బొట్టు నిజం, నా గుంజ అబద్ధం."

"క్షమించు."

"ఆ మాట నాకెందుకండి, గుంజకి సెప్పండి," అంది. నేను నిజంగానే గుంజ వైపు తిరిగాను. గాట్లు కింద నుంచి పైకి నిచ్చెన మెట్లలా ఉన్నాయి. పాతవి నల్లబడి, కొత్తది ఇంకా పచ్చిగా. రాసుకున్న పుస్తకమే అది. నాకు చదవడం రాలేదు, అంతే. చెయ్యి వేసి దణ్ణం పెట్టాను. ఆమె ఉలిక్కిపడింది. "అయ్యయ్యో, ఏటండి అమ్మగారూ, ఏళాకోళానికన్నాను!" అని నా చెయ్యి లాగేసింది.

కానీ బడికి మాత్రం వెళ్ళనంది. "ఇక్కడే ఉంటాను. నా రాత ఎలా ఉంటే అలా."

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ విని లోపలికి వెళ్ళి, దారం కండెలు పెట్టే కొట్టుగది తలుపు తెరిచి చూసి వచ్చారు. అది గట్టు కంటే ఎత్తు మీదుంది.

"ఆ కండెలు ఒక పక్కకి జరిపించు."

"పురిటి మైల కదండీ, మీ పూజ..."

"దేవుడి గది తలుపేస్తాను. పదకొండు రోజులు ఆయన లోపల కూర్చోలేడా? తగ్గించి రాయించింది నేను. గది నేనే ఇస్తాను, పిలుచుకురా."

శ్రావణంలో ఒక సాయంత్రం రేడియోలో మట్టం చెప్పారు. నేనూ మా ఆయనా పట్టీ మీద వేలు పెట్టి చూశాం. మర్నాడు మధ్యాహ్నానికి, పోటు వేళకి, నీళ్ళు కొత్త గీతను అందుకుంటాయి. నేను పిలిచినప్పుడు 'మీ ఇంటికైతే వత్తాను' అన్న మాట ప్రకారం పొద్దున్నే తల్లీ కూతుళ్ళు మా ఇంటికి వచ్చారు, ఒక ట్రంకు పెట్టె, రెండు వలలు, ఒక కోడితో. మా అత్తగారు కోడిని చూసి ముఖం తిప్పుకుంటూనే దానికి అరుగు మూల చూపించారు.

మధ్యాహ్నం నేను వెనక తలుపు తీశాను. మెట్లు లేవు. గట్టు అంచు దాకా ఎర్రగా, నిండుగా, చప్పుడు లేని గోదారి. కొమ్మలు, ఒక తాటాకు కప్పు, పూజ చేసిన పూలు కొన్ని, అన్నీ నిద్రలో నడిచినట్టు సముద్రం వైపు పోతున్నాయి. చెక్క పై కొన ఒక్కటే నీళ్ళ మీద కనిపిస్తోంది. వంగి చూశాను. వెనకాల అత్తగారు పళ్ళెంతో నిలబడ్డారు.

"ఎంతే అమ్మాయ్?"

నేను ఆవిడ ముఖంలోకి చూశాను.

"పూర్తిగా చెప్పు," అన్నారు.

చెప్పాను. వేలంత కూడా తగ్గించకుండా. నది ముందు అంత పెద్ద అంకె పైకి అన్నది అదే మొదటిసారి. అత్తగారు పళ్ళెంలోంచి గుప్పెడు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు తీసి, పసిపిల్లకి తీసినట్టే, మూడుసార్లు నదికి దిష్టి తిప్పి నీళ్ళలో వేశారు. "కొలత కొలతే, దిష్టి దిష్టే. ఈ తెలివి మొదటే ఉంటే బాగుండేది," అన్నారు. నేను పుస్తకంలో అంకె రాసి, మూల కుంకుమ బొట్టు పెట్టాను.

ఆ మర్నాడు పొద్దున్నే, దారం కండెల మధ్య, ఆడపిల్ల పుట్టింది.

నీళ్ళు దిగాక ఆమెతో కలిసి గట్టు అవతలికి వెళ్ళాను. గుంజ ఉంది. గడప ఉంది. తలుపు వైపు గోడ నిలబడి ఉంది. మంచం పక్కనున్న గోడ మాత్రం అడుగు నుంచి నాని లోపలికి ఒరిగి పడిపోయింది. మంచం సగం దాని కిందే ఉంది. నిలిచిన గోడ మీద నీళ్ళు ఆగిన చోట బురద గీత సన్నగా, సమంగా ఉంది, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు.

ఆమె కాసేపు మంచాన్ని చూసింది. తర్వాత వంగి, గడప అంచు నుంచి బురద గీత దాకా తన నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టింది. నాలుగూ పట్టాయి. కాస్త చోటు మిగిలింది కూడా.

నావైపు చూడలేదు. కాళ్ళ కింద బురద చల్లగా ఉంది. నా చెప్పులు ఎక్కడ విప్పానో నాకు గుర్తు లేదు.

ఆమె బొడ్లోంచి కత్తి తీసి గుంజ దగ్గరికి నడిచింది. గాటు పెట్టబోయి ఆగి, కత్తి పిడి నా వైపు తిప్పింది.

"ఈ ఏటిది మీరెట్టండి అమ్మగారూ," అంది. "సూసి ఎట్టండి మరి."